ఎడమ ఫ్రాంటల్ కణితికి లేజర్ అబ్లేషన్: వేడిని ఎక్కడ ఆపాలి?

రోగి వయసు 58 ఏళ్లు, మహిళ. ఊపిరితిత్తిలో అడినోకార్సినోమా ఉంది. కణితిలో ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉండటంతో ఒసిమెర్టినిబ్ మాత్రలు వాడుతున్నారు, ఛాతీలోని వ్యాధి ఏడాదికి పైగా అదుపులో ఉంది. మెదడులో ఎడమ ఫ్రాంటల్ లోబ్ వెనుక భాగంలో 2.2 సెంటీమీటర్ల మెటాస్టాసిస్ (ఊపిరితిత్తి నుంచి పాకిన కణితి) బయటపడినప్పుడు దానికి ఒకే విడతలో 18 గ్రే (రేడియేషన్ కొలమానం) మోతాదుతో స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ, అంటే కణితికే గురిపెట్టిన రేడియేషన్ ఇచ్చారు. రెండు నుంచి మూడు సెంటీమీటర్ల మధ్య ఉండే కణితులకు ఆ మోతాదు చాలాకాలంగా వాడుకలో ఉన్నదే. కణితి సెంటీమీటరు మేరకు కుంచించుకుపోయి నెలల తరబడి కదలకుండా ఉంది. 14వ నెల స్కాన్‌లో మాత్రం 2.6 × 2.3 × 2.2 సెంటీమీటర్లకు, అంటే ఘనపరిమాణంలో సుమారు 6.6 మిల్లీలీటర్లకు పెరిగి, చుట్టూ తెల్ల పదార్థంలోకి వేళ్లలా చొచ్చుకుపోయిన వాపుతో కనిపించింది.

నా దగ్గరకు వచ్చేసరికి కుడిచేతి పట్టు 5కి 4 ఉంది. భుజం, మోచేయి దాదాపు మామూలుగానే ఉన్నాయి, ఇబ్బందంతా వేళ్లలోనే. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్లకు వరుసగా తాకించమంటే రెండో వేలు దాటాక లయ తప్పేది, నాలుగో వేలికి చేరేలోగా ఎడమ చెయ్యి తెలియకుండానే సాయానికి వచ్చేది. అంతకు నెల ముందు కుడి ముఖం, కుడి చేతికి పరిమితమైన ఫిట్స్ ఒకసారి వచ్చాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ రోజుకు 8 మిల్లీగ్రాములు వాడితే చెయ్యి బాగుపడేది, 4 మిల్లీగ్రాముల కిందికి తగ్గిస్తే వారంలోగా మళ్లీ మొదటికి వచ్చేది. ఈలోగా స్టెరాయిడ్ తన పని తాను చేసుకుపోయింది: ముఖం ఉబ్బింది, రక్తంలో చక్కెర పెరిగింది, రక్తపోటు రెండు మందులకూ లొంగలేదు, తొడ కండరాలు కరిగి కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం కష్టమైంది. చేతి బలహీనతకు కణితి కారణమైతే, కాళ్ల బలహీనతకు కణితి కోసం వాడిన మందు కారణం. ఈ రెంటినీ విడదీసి కుటుంబానికి చెప్పడానికే మొదటి సంప్రదింపులో ఎక్కువ సమయం పట్టింది.

కణితా, నెక్రోసిసా?

రేడియోసర్జరీ చేసిన చోట ఏడాది తర్వాత గడ్డ పెరిగితే రెండు అవకాశాలు ఉంటాయి. కణితే తిరిగి పెరుగుతూ ఉండవచ్చు. లేదా రేడియేషన్ ప్రభావంతో అక్కడి సన్నని రక్తనాళాలు మందమై మూసుకుపోయి, కణజాలం చచ్చి, ఆ చచ్చిన భాగం చుట్టూ వాపు రగులుతూ ఉండవచ్చు. దీన్నే రేడియేషన్ నెక్రోసిస్ అంటాం. మామూలు కాంట్రాస్ట్ ఎంఆర్ఐలో రెండూ ఒకేలా వెలుగుతాయి. పెర్ఫ్యూజన్ స్కాన్‌లో రక్త పరిమాణం ఎక్కువగా ఉంటే కణితి వైపు, తక్కువగా ఉంటే నెక్రోసిస్ వైపు మొగ్గుతాం. ఈమె పెర్ఫ్యూజన్‌లో గడ్డ చాలా భాగంలో రక్త పరిమాణం తక్కువగానే ఉన్నా, వెనుక లోపలి మూలలో మాత్రం కొద్దిగా పెరుగుదల కనిపించింది. గడ్డలోని రసాయనాలను చూపే స్పెక్ట్రోస్కోపీలో చచ్చిన కణజాలాన్ని సూచించే లిపిడ్, లాక్టేట్ శిఖరాలు ఎత్తుగా ఉన్నాయి, కణితిని సూచించే కోలిన్ ఓ మోస్తరుగా ఉంది. ఇలాంటి నివేదిక వచ్చినప్పుడు అసలు జవాబు తరచుగా "రెండూ" అని నా అనుభవం. స్కాన్ నివేదికలు రెండింట్లో ఒకటి ఎంచుకోమన్నట్టు రాస్తాయి గానీ, ఒకే గడ్డలో చచ్చిన కణజాలం, బతికిన కణితి కణాలు పక్కపక్కనే ఉండటం మామూలే.

ఏ దారి పట్టాలో ట్యూమర్ బోర్డులో, అంటే వివిధ విభాగాల క్యాన్సర్ నిపుణుల సమావేశంలో చర్చించాం. స్టెరాయిడ్‌నే కొనసాగించడమన్నది అప్పటికే విఫలమైన దారి. నెక్రోసిస్ వాపును తగ్గించడంలో బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందని 2011లో వెలువడిన ఒక చిన్న రాండమైజ్డ్ అధ్యయనం చూపింది, నేనూ ఎందరికో వాడాను. కానీ ఈమెకు లొంగని రక్తపోటుతో పాటు మూత్రంలో ప్రొటీన్ కూడా పోతోంది. అదీగాక ఆ మందు వాపును తగ్గిస్తుందే తప్ప గడ్డ ఏమిటో చెప్పదు. ఆపేశాక వాపు తిరిగి రావడమూ ఉంది. మళ్లీ రేడియేషన్ ఇస్తే, అది నెక్రోసిస్ అయిన పక్షంలో నిప్పుకు ఆజ్యం పోసినట్టే. మిగిలినవి రెండు: పుర్రె తెరిచి గడ్డను తీసేయడం, లేదా సన్నని ప్రోబ్ దింపి కాంతి వేడితో గడ్డను లోపలి నుంచే చంపే లేజర్ అబ్లేషన్.

పుర్రె తెరిచే ఆపరేషన్‌ను నేను తేలిగ్గా పక్కన పెట్టలేదు. గడ్డ పెద్దదై మెదడును ఒక పక్కకు నెట్టేస్తున్నప్పుడు దానికి సాటి వచ్చేది లేదు, ఎందుకంటే ఒత్తిడి అప్పటికప్పుడు తగ్గుతుంది. లేజర్‌తో అలా జరగదు. గడ్డ అక్కడే ఉంటుంది, కొన్నాళ్లు ఇంకా ఉబ్బుతుంది కూడా. ఈమె గడ్డ మూడు సెంటీమీటర్ల లోపే ఉంది, మధ్యరేఖ కదలలేదు. అయితే అది మెదడు ఉపరితలానికి సుమారు రెండు సెంటీమీటర్ల లోతున, చేతి కదలికలను నడిపే ప్రాంతానికి సరిగ్గా ముందు ఉంది. అక్కడికి చేరాలంటే ఆరోగ్యంగా ఉన్న ప్రీమోటార్ ప్రాంతాన్ని చీల్చుకుంటూ వెళ్లాలి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన పలుచని చర్మం మీద పెద్ద కోత మానడం, మధుమేహంతో ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం, కోలుకునే దాకా క్యాన్సర్ మందుకు విరామం ఇవ్వాల్సి రావడం కూడా తూకంలోకి వచ్చాయి. లేజర్ పద్ధతిలో బయాప్సీ, చికిత్స ఒకే రంధ్రం ద్వారా పూర్తవుతాయి, పైగా కణితైనా నెక్రోసిసైనా వేడికి రెండూ లొంగుతాయి. బోర్డులో రేడియేషన్ నిపుణులు ఒకరు చివరి వరకూ శస్త్రచికిత్స వైపే మొగ్గారు. వారి వాదనలోని బలాన్ని నేనిప్పటికీ కాదనను.

పద్ధతి గురించి కొంత

లేజర్ కాంతి వేడితో కణితులను లోపలి నుంచే గడ్డకట్టించవచ్చన్న ఆలోచనను 1983లో బౌన్ ప్రతిపాదించారు. మెదడు కణితుల మీద దాన్ని ప్రయోగించిన ఫలితాలను 1990లో సుగియామా బృందం ప్రచురించింది. అయినా అది చాలాకాలం ప్రయోగంగానే మిగిలిపోయింది. కారణం లేజర్‌లో లేదు. వేడి ఎంత దూరం పాకిందో కళ్లకు కనిపించే మార్గం లేకపోవడమే. ఆ లోటును ఎంఆర్ఐ తీర్చింది. నీటి అణువుల్లోని ప్రోటాన్ల అనునాద పౌనఃపున్యం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పది కోట్లలో ఒక వంతు మేర తగ్గుతుంది. 3 టెస్లా యంత్రంలో అది దాదాపు 1.3 హెర్ట్జ్. ఇంత చిన్న తేడాను ఫేజ్ చిత్రాల్లో పట్టుకుని కొన్ని సెకన్లకొకసారి ఉష్ణోగ్రత పటాన్ని గీయడం సాధ్యమయ్యాకే ఈ చికిత్స ఆపరేషన్ థియేటర్లలోకి వచ్చింది. అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో విజువలేజ్ అనే లేజర్ పరికరానికి, 2009లో న్యూరోబ్లేట్ అనే మరోదానికి అనుమతి ఇచ్చింది. మొదటిది 980 నానోమీటర్ల కాంతిని వాడుతుంది, ప్రోబ్ కొన సెలైన్‌తో చల్లబడుతుంది. రెండోది 1064 నానోమీటర్లది, కార్బన్ డయాక్సైడ్ వాయువుతో చల్లబడుతుంది, అందులో కాంతిని ఒక్క వైపుకే పంపే ప్రోబ్ కూడా ఉంది.

పని జరిగే తీరులో ఒక లెక్క ఉంది, దాన్ని చెప్పకుండా ఈ కేసును వివరించలేను. కణజాలం చావడానికి ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, అది ఎంతసేపు నిలిచిందన్నదీ ముఖ్యం. అందుకే మోతాదును 43 డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలకు సమానమో ఆ లెక్కలోకి మారుస్తాం. 43 పైన ప్రతి డిగ్రీకీ కావలసిన సమయం సగమవుతుంది. 45 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచితే 43లో గంటసేపు ఉంచినట్టు. 50 డిగ్రీల్లో అయితే అర నిమిషం చాలు. తెర మీద మూడు గీతలు గీస్తూ యంత్రం ఈ లెక్కను చూపిస్తుంది: 2 నిమిషాలకు సమానమైన చోట పసుపు, 10 నిమిషాలకు నీలం, 60 నిమిషాలకు తెలుపు. పసుపు గీత వెలుపలి కణజాలానికి శాశ్వత నష్టం ఉండదని, నీలం గీత లోపలిది నిలవదని, తెలుపు గీత లోపలిది అప్పటికే గడ్డకట్టిందని భావిస్తాం. ప్రోబ్ పక్కన ఉష్ణోగ్రతను 90 డిగ్రీలు దాటనివ్వం. దాటితే నీరు ఆవిరై, కణజాలం బొగ్గుగా మారి, బొగ్గు కాంతిని మింగేసి, వేడి బయటకు పాకడమే ఆగిపోతుంది.

ఇక్కడ అందరూ మరచిపోయే సంగతి ఒకటుంది. ఎంఆర్ఐ చూపేది ఉష్ణోగ్రతలో మార్పునే తప్ప అసలు ఉష్ణోగ్రతను కాదు. మొదట రోగి శరీర ఉష్ణోగ్రత ఎంతో మనం నమోదు చేస్తే, యంత్రం దానికి మార్పును కలుపుకుంటూ పోతుంది. మత్తులో, చల్లని స్కానర్ గదిలో గంటల తరబడి ఉన్న రోగి ఉష్ణోగ్రత 35.5 డిగ్రీలకు పడిపోయి ఉంటే, మనం అలవాటుగా 37 అని నమోదు చేస్తే, తేడా డిగ్రీన్నరే అయినా మోతాదు లెక్క దాదాపు మూడు రెట్లు తప్పుతుంది. గీతలు గడ్డను కప్పేసినట్టు తెర మీద కనిపిస్తాయి, లోపల గడ్డ అంచు బతికే ఉంటుంది. నిజమైన ఉష్ణోగ్రత నమోదు చేసిన దానికంటే ఎక్కువైతే ఇంకా ప్రమాదం: పసుపు గీత బయట భద్రమనుకున్న కణజాలం కాలిపోతుంది. ఉష్ణోగ్రత లెక్కల్లో తేడా వచ్చి వేడి అంచనాను మించిపోయే అవకాశం గురించి 2018లో ఎఫ్‌డీఏ కూడా వైద్యులను లేఖ ద్వారా హెచ్చరించింది. అందుకే అబ్లేషన్ మొదలయ్యే ముందు అనస్తీషియా నిపుణులను ఉష్ణోగ్రత అడిగి, వారు మానిటర్ చూసి చెప్పిన అంకెనే నమోదు చేయాలి. ఈమెకు అది 36.1.

దారి ఎంపిక

గడ్డ పొడవు ముందు నుంచి వెనక్కి ఉంది. పొడవైన అక్షం వెంట ప్రోబ్ పోనిస్తే ఒక్క దారిలో ఎక్కువ భాగాన్ని కప్పవచ్చని పుస్తకాలు చెబుతాయి, చాలా సందర్భాల్లో అది సరైనదే. ఇక్కడ అలా చేస్తే ప్రోబ్ కొన నేరుగా కార్టికోస్పైనల్ ట్రాక్ట్‌కు గురిపెట్టినట్టు అవుతుంది. చేతిని, కాలిని నడిపే ఈ నరాల కట్ట మోటార్ కార్టెక్స్ నుంచి కిందికి దిగుతూ గడ్డ వెనుక అంచుకు అతి దగ్గరైన చోట 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. కొన ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ లోతుకు వెళ్లినా ఆ తప్పంతా ట్రాక్ట్ వైపే పడుతుంది.

అందుకని నడినెత్తి వైపు నుంచి, ట్రాక్ట్‌కు సమాంతరంగా కిందికి దిగే దారిని ఎంచుకున్నాను. లోతులో తేడా వచ్చినా ట్రాక్ట్‌కు ఉన్న దూరం ఇందులో మారదు. గడ్డ ముందు భాగం ప్రోబ్‌కు దూరమవుతుందన్నది దీని నష్టం. దానికి పరిహారంగా ఒక వైపుకే కాంతిని పంపే 3.3 మిల్లీమీటర్ల ప్రోబ్‌ను తీసుకున్నాను. దాని ముఖాన్ని ఎక్కువసేపు ముందుకు, తక్కువసేపు పక్కలకు, వెనక్కి అతి జాగ్రత్తగా తిప్పవచ్చు. మధ్యరేఖ దగ్గరి పెద్ద సిర నుంచి, దానిలో కలిసే చిన్న సిరల నుంచి తప్పించుకునేలా, మెదడు మడత మధ్యలోని గాడిలో కాకుండా మడత శిఖరం మీద ప్రవేశ స్థానాన్ని గుర్తించాను. గాడిలో దిగితే రక్తనాళాలు తగులుతాయి.

నరాల దారులను ఎంఆర్ఐతో గీసే ట్రాక్టోగ్రఫీ చిత్రాలను ఎంతవరకు నమ్మాలో కూడా ముందే తేల్చుకోవాలి. వాపు ఉన్న చోట నీటి అణువులు అన్ని దిక్కులకూ కదులుతాయి కాబట్టి నరాల దారులు చిత్రంలో సన్నగానో తెగిపోయినట్టో కనిపిస్తాయి. అంటే నిజమైన ట్రాక్ట్ చిత్రంలో గీసిన దానికంటే గడ్డకు దగ్గరగానే ఉండి ఉండవచ్చు. ఆ కారణంగా గీసిన ట్రాక్ట్‌కు ముందు 3 మిల్లీమీటర్ల దూరంలో ఒక హద్దు గీసి, పసుపు గీత దాన్ని తాకితే ఆపాలని బృందమంతా ముందే అనుకున్నాం. స్కానర్‌లో రోగి పూర్తి మత్తులో ఉంటారు, చెయ్యి కదపమని అడగలేం. గడ్డ కాస్త మిగిలిందన్న ఆత్రంలో గది లోపల తీసుకునే నిర్ణయం కంటే, చల్లగా కూర్చుని ముందుగా గీసిన గీత నమ్మదగినది.

అబ్లేషన్

తల చర్మం మీద ఒక కుట్టు పట్టేంత గాటు, సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల డ్రిల్ రంధ్రం, అందులో స్క్రూలా తిప్పి బిగించిన చిన్న బోల్టు. వెలుపలి నుంచి చూసే వారికి ఆపరేషన్ అంటే ఇంతే. బోల్టు గుండా బయాప్సీ సూది దింపి నాలుగు నమూనాలు తీశాం. ఇంకొన్ని తీయాలని పాథాలజిస్టు కోరడం సహజమే కానీ, సూది దింపిన ప్రతిసారీ చిన్న రక్తపు చుక్కో గాలి బుడగో మిగిలే అవకాశం పెరుగుతుంది. అవి ఎంఆర్ఐ ఫేజ్ చిత్రాన్ని వంకరచేసి ఉష్ణోగ్రత పటంలో గుడ్డి మచ్చలు పుట్టిస్తాయి. ఫ్రోజెన్ సెక్షన్‌లో, అంటే అప్పటికప్పుడు నమూనాను గడ్డకట్టించి చేసే పరీక్షలో, ఎక్కువ భాగం నెక్రోసిస్, గోడలు మందమైన రక్తనాళాలు, మధ్యమధ్య కొన్ని అనుమానాస్పద కణాలు అని జవాబు వచ్చింది. అబ్లేషన్ కొనసాగించడానికి ఆ జవాబు కోసం ఆగాల్సిన పని లేకపోయినా, తర్వాతి నిర్ణయాలకు అదే ఆధారం.

ప్రోబ్ లోతైన చివర నుంచి మొదలుపెట్టి, ముఖం ముందుకు తిప్పి, 12 వాట్లలో పల్సులుగా కాంతిని పంపాం. మొదటి నిమిషంలో తెర మీద పెద్దగా ఏమీ జరగదు. ప్రోబ్ పక్కన ఒకటి రెండు చుక్కల్లో రంగు మారుతుంది, ఒక పసుపు ఉంగరం ఏర్పడి, అది సాగి, దాని లోపల నీలం పుడుతుంది. ముందు వైపు అంతా అనుకున్నట్టే సాగింది గానీ, బయటి పక్కన పసుపు గీత ఒక చోట లోపలికి నొక్కుకుపోయి కదలలేదు. పాత కాంట్రాస్ట్ చిత్రాన్ని పక్కన పెట్టి చూస్తే సరిగ్గా ఆ నొక్కు దగ్గర ఒక సిర ఉంది. ప్రవహించే రక్తం వేడిని మోసుకుపోతోంది. ఇలాంటి చోట శక్తిని పెంచడం కుదరదు, ప్రోబ్ పక్కన 90 డిగ్రీల హద్దు వచ్చేస్తుంది. ప్రోబ్‌ను కొద్దిగా పైకి లాగి, ముఖాన్ని అటు తిప్పి, ఎక్కువసేపు ఉంచితే నీలం గీత నొక్కును సగం పూడ్చింది. మిగతా సగాన్ని అలాగే వదిలేశాం.

వెనుక వైపు ముఖం తిప్పినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. పసుపు గీత మెల్లగా హద్దు వైపు పాకి, తాకింది. లేజర్ ఆపాం. ఆపినంత మాత్రాన వేడి ఆగదు. చల్లారే దాకా మోతాదు పెరుగుతూనే ఉంటుంది, అందువల్ల తర్వాతి రెండు చిత్రాల్లో గీత మరో పిక్సెల్ ముందుకు వచ్చి నిలిచింది. వెనుక లోపలి మూలలో 4 మిల్లీమీటర్ల మందాన గడ్డ నీలం గీత బయటే మిగిలిపోయింది. పెర్ఫ్యూజన్‌లో రక్త పరిమాణం పెరిగినట్టు కనిపించిన మూల కూడా అదే. చికిత్సకు అన్నిటికంటే ఎక్కువ అవసరమున్న చోటు, అన్నిటికంటే ఎక్కువ ప్రమాదమున్న చోటు ఒకటే కావడం ఈ పనిలో మామూలు. ఒక్కసారి ఇంకో అర నిమిషం ఇద్దామా అని సహచరుడు అడిగారు. ట్రాక్ట్ దగ్గర 45 డిగ్రీలకు చేరినా మోతాదు నాలుగు రెట్ల వేగంతో పోగవుతుంది. ఆమె కుడిచేతి వాటం మనిషి. మిగిలిన అంచుకు మందు ఉంది, రేడియేషన్ ఉంది, మరోసారి లేజరూ ఉంది. కాలిన ట్రాక్ట్‌కు ఏదీ లేదు. మొత్తం మీద నీలం గీత లోపలికి వచ్చిన భాగం గడ్డలో దాదాపు 90 శాతం.

తర్వాతి వారాలు

మత్తు నుంచి లేచాక చేతి పట్టు మునుపటిలాగే ఉంది. రెండో రోజు ఉదయానికి 3కు పడింది, మాట కొద్దిగా తడబడింది. సీటీలో రక్తస్రావం లేదు, వాపు మాత్రం పెరిగింది. డెక్సామెథసోన్‌ను రోజుకు 16 మిల్లీగ్రాములకు పెంచి, ఇన్సులిన్‌తో చక్కెరను అదుపు చేసి, ఫిట్స్ మందు లెవెటిరాసిటమ్ కొనసాగించాం. నాలుగో రోజు ఇంటికి పంపాం. మరుసటి రోజే ఇంటికి పంపేస్తారన్న ప్రచారం ఈ చికిత్స చుట్టూ ఉంది, చాలామంది విషయంలో అది నిజం కూడా. ట్రాక్ట్ పక్కన ఉన్న గడ్డ విషయంలో మాత్రం వాపు ఎటు పోతుందో తెలిసే దాకా రోగిని కళ్ల ముందు ఉంచుకోవడమే నా పద్ధతి.

రెండో వారం చివర తీసిన ఎంఆర్ఐలో కాంట్రాస్ట్‌తో వెలిగిన భాగం 11 మిల్లీలీటర్లు, చికిత్సకు ముందున్న దానికి ఒకటిన్నర రెట్ల కన్నా కొంచెం ఎక్కువ. బయట చేయించిన ఆ స్కాన్ నివేదికలో "వ్యాధి పెరుగుదలను తోసిపుచ్చలేం" అని ఉంది. కొడుకు ఆ కాగితం పట్టుకుని వచ్చి, "డాక్టర్ గారూ, చిన్నదవుతుందన్నారు, అమ్మకు ఇది రెట్టింపయింది కదండీ" అన్నారు. చికిత్సకు ముందే ఇది చెప్పి ఉన్నా, భయం ముందు పాత మాటలు గుర్తుండవు. ఆయన కోపంలో న్యాయం ఉంది. గడ్డకట్టిన కణజాలం మొదటి వారాల్లో నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. దాని చుట్టూ రక్తానికి, మెదడుకు మధ్య ఉండే అడ్డుగోడ తాత్కాలికంగా తెరుచుకోవడంతో కాంట్రాస్ట్ అంచు వెలుపలికి జరుగుతుంది. ఆ అడ్డుగోడ తెరుచుకోవడం మొదటి రెండు వారాల్లో గరిష్ఠానికి చేరి, చికిత్స తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకల్లా తగ్గుతుంది. అలాంటి సమయంలో తీసిన స్కాన్‌ను పాత గడ్డతో పోల్చకూడదు. అబ్లేషన్ ముగిసిన రోజు తీసిన స్కాన్‌తో పోల్చాలి. పోలిస్తే, సన్నని సమానమైన వలయం, మధ్యలో నల్లగా గడ్డకట్టిన భాగం, ఎక్కడా కొత్త ముద్ద లేదు. ఈ దశలో కంగారుపడి బెవాసిజుమాబ్ మొదలుపెట్టడమో, మళ్లీ ఆపరేషన్‌కు తీసుకెళ్లడమో చేసిన కేసులను నేను చూశాను. ఆ ఒత్తిడికి తలొగ్గకుండా ఉండటం లేజర్ పట్టుకోవడం కంటే కష్టమని చెప్పడానికి నాకు సంకోచం లేదు. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించే ప్రణాళికను మార్చకుండా ఆమెను పంపాను.

తుది పాథాలజీ నివేదిక ఈలోగా వచ్చింది. నాలుగు నమూనాల్లో మూడింట నెక్రోసిస్ మాత్రమే ఉంది. నాలుగో దానిలో నెక్రోసిస్ మధ్య బతికిన అడినోకార్సినోమా కణాల గుంపులు ఉన్నాయి, ఊపిరితిత్తి మూలాన్ని సూచించే టీటీఎఫ్-1 పరీక్ష పాజిటివ్. ఆ నమూనా వెనుక వైపు నుంచి తీసినది. మిగిలిన 4 మిల్లీమీటర్ల అంచుకు అప్పటికప్పుడు రేడియేషన్ ఇద్దామన్న ప్రతిపాదన బోర్డులో వచ్చింది. ఒసిమెర్టినిబ్ మెదడులోకి బాగా చేరే మందు, ఛాతీలో వ్యాధి దానికి లొంగే ఉంది, అంచు పక్కనే ఒకసారి 18 గ్రే మోసిన తెల్ల పదార్థం ఉంది. మందు ఆపకుండా, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి పెర్ఫ్యూజన్‌తో స్కాన్ తీస్తూ వేచి చూడటానికే మొగ్గు చూపాం.

ఆరో వారానికి చేతి పట్టు 4కు తిరిగి వచ్చింది, స్టెరాయిడ్ 2 మిల్లీగ్రాములకు దిగింది. మూడో నెలలో స్టెరాయిడ్ పూర్తిగా ఆగింది. వెలిగే భాగం 5.1 మిల్లీలీటర్లకు తగ్గింది. ఆరో నెలలో 2.3 మిల్లీలీటర్లు, చుట్టూ వాపు దాదాపు లేదు. బొటనవేలు నాలుగు వేళ్లకూ వరుసగా తాకుతోంది, వేగం ఎడమ చేతి కంటే తక్కువే. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆన్చాల్సిన అవసరం లేదు. నన్నడిగితే స్కాన్‌లోని అంకెల కంటే ఈ చివరి మార్పే పెద్దది, ఎందుకంటే అది స్టెరాయిడ్ నుంచి బయటపడినందుకు దక్కింది. రేడియోసర్జరీ తర్వాత పెరిగిన గడ్డలకు లేజర్ వాడిన బహుకేంద్ర అధ్యయనం లాసర్ (LAASR)లోనూ 42 మంది రోగుల్లో కణితి ఉన్నవారి కంటే నెక్రోసిస్ ఉన్నవారు మెరుగ్గా కోలుకున్నారు. అందులో పోల్చడానికి వేరే చికిత్స పొందిన వర్గం లేదు. ఈ రంగంలోని ఆధారాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పెద్ద రాండమైజ్డ్ అధ్యయనం లేకుండా శస్త్రచికిత్స కంటే లేజరే మేలని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. ఈమెలా గడ్డ చిన్నదై, లోతున ఉండి, కత్తికి దారి ఖరీదైనదై, స్టెరాయిడ్ మానలేని స్థితి ఉన్నవారికి మాత్రం దీన్ని ముందు వరుసలో పరిశీలిస్తాను. మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డలకు, మెదడు ఇప్పటికే ఒత్తిడిలో ఉన్నవారికి, ఎంఆర్ఐలోకి వెళ్లలేని పేస్‌మేకర్ ఉన్నవారికి వేరే దారి చూడాల్సిందే.

ఇప్పుడు పదో నెల. వెనుక లోపలి మూలలో 4 మిల్లీమీటర్ల చిన్న వెలుగు కనిపిస్తోంది. వరుసగా రెండు స్కాన్లలో పరిమాణం మారలేదు, పెర్ఫ్యూజన్ పెరగలేదు. అది పెరగడం మొదలుపెడితే మోతాదును ఐదు విడతలుగా పంచి రేడియోసర్జరీ ఇవ్వాలన్నది బోర్డు రాసిపెట్టిన ప్రణాళిక. లేజర్‌తో మరోసారి అక్కడికి వెళ్లడానికి ట్రాక్ట్ ఇంకా అంతే దూరంలో ఉంది, కాబట్టి ఆ ఆలోచన నాకు లేదు. తర్వాతి స్కాన్ ఆరు వారాల్లో ఉంది.